బడి యూనిఫాం: హైదరాబాద్, తెలుగు రాష్ట్రాలు

నిర్వచనం, పరిధి

ఒక పాఠశాలలో చదివే పిల్లలందరూ బడి వేళల్లో తప్పనిసరిగా వేసుకోవలసిన ఒకే రంగు, ఒకే తీరు బట్టలను ఏకరూప దుస్తులు అంటారు. వాడుకలో ఇవే యూనిఫాం. చొక్కా, నిక్కరు లేదా ప్యాంటు, గౌను, స్కర్టు, పంజాబీ డ్రెస్సు ఇందులో ముఖ్యమైనవి. టై, బెల్టు, జేబు మీది బ్యాడ్జి, సాక్సులు, బూట్లు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు వీటికి తోడు. ఆడపిల్లల రెండు జడలకు కట్టే రిబ్బన్ల రంగును కూడా చాలా బడులు నియమంలో చేర్చాయి. యూనిఫాం అక్కర్లేని రోజున వేసుకొచ్చే బట్టలను పిల్లలు సివిల్ డ్రెస్సు, కలర్ డ్రెస్సు అంటారు. పుట్టినరోజున కలర్ డ్రెస్సు వేసుకొచ్చి తరగతిలో చాక్లెట్లు పంచడం తెలుగు బడుల్లో బాగా నాటుకున్న అలవాటు.

ఈ వ్యాసం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో యూనిఫాం చరిత్రను వివరిస్తుంది. హైదరాబాద్ నగరానికి, అందులోనూ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా సాగే హైటెక్ సిటీ, సైబరాబాద్ ప్రాంతానికి ఇందులో ఎక్కువ చోటు ఉంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే జత మొదలుకొని అంతర్జాతీయ పాఠశాల టీషర్టు దాకా అన్ని రకాలూ అక్కడ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కనిపిస్తాయి.

చరిత్ర: వీధిబడి నుంచి మిషనరీ బడి దాకా

తెలుగునాట పాత వీధిబడులకు యూనిఫాం లేదు. పంతులుగారి అరుగు మీద ఇసుకలో ఓనమాలు దిద్దే పిల్లలు ఇంట్లో కట్టుకున్న బట్టలతోనే వచ్చేవారు. బట్టను బట్టి కులం, కలిమి తెలిసిపోయేవి. పిల్లలందరికీ ఒకే దుస్తులన్న పద్ధతి ఇంగ్లండు నుంచి వచ్చింది. 1552లో లండన్‌లో మొదలైన క్రైస్ట్స్ హాస్పిటల్ బడి పేద పిల్లలకు పొడవాటి నీలి కోటు ఇచ్చేది. నేడు ధనికుల బడుల గుర్తుగా భావించే యూనిఫాం మొదట ధర్మానికి ఇచ్చిన బట్ట.

హైదరాబాద్‌లో ఇంగ్లీషు చదువుల బడులు 19వ శతాబ్దిలో వెలిశాయి. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834లో, గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ 1855లో, సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ 1871లో, స్టాన్లీ బాలికల పాఠశాల 1895లో, రోజరీ కాన్వెంట్ 1904లో మొదలయ్యాయి. టై, బ్యాడ్జి, పిల్లలను నాలుగు హౌస్‌లుగా విడదీసి హౌస్‌కో రంగు ఇవ్వడం వంటి పద్ధతులు ఈ కోవకు చెందిన బడుల ద్వారానే నగరంలో స్థిరపడ్డాయి. కోస్తాలో రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో నెలకొల్పిన బడి వంటి మిషనరీ సంస్థలు ఇంగ్లీషు చదువుకు దారి వేశాయి. అయితే అక్కడి విద్యార్థుల్లో పంచె, కోటు, తలపాగా చాలాకాలం కొనసాగాయి.

నిజాం కాలం

నిజాం రాజ్యంలో చదువుకున్నవాడి గుర్తు షేర్వానీ. తల మీద రూమీ టోపీ, మెడ దాకా బొత్తాలు పెట్టిన షేర్వానీ దర్బారులోనూ కచేరీలోనూ మర్యాద దుస్తులు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో హిందూ ముస్లిం భేదం లేకుండా విద్యార్థులు షేర్వానీ తొడిగేవారు. ఆ తరం తెలుగు రచయితల, న్యాయవాదుల పాత ఫొటోలు చూస్తే ఇది తేటతెల్లం. బాలికల కోసం 1907లో మహబూబియా బడి తెరిచారు.

జాగీర్దారుల కొడుకుల కోసం 1923లో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజీ స్థాపించారు. ఇంగ్లండులోని పబ్లిక్ స్కూళ్ల నమూనాలో నడిచిన ఈ బడి జాగీర్దారీ రద్దయ్యాక 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారి అందరికీ తెరుచుకుంది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల, అడోబీని నడిపించిన శంతను నారాయణ్ ఇక్కడ చదివినవారే. జాగీర్దారుల కోసం కట్టిన బడి యూనిఫాం వేసుకున్న పిల్లలు తర్వాతి కాలంలో ప్రపంచ స్థాయి ఐటీ సంస్థలకు అధిపతులయ్యారు. అందులో మైక్రోసాఫ్ట్‌కు గచ్చిబౌలిలో పెద్ద ప్రాంగణం ఉంది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక షేర్వానీ, రూమీ టోపీ చదువుల నుంచి త్వరగా తప్పుకున్నాయి. ప్యాంటు చొక్కా వాటి స్థానంలోకి వచ్చాయి.

1950 నుంచి 1990 దాకా

స్వాతంత్ర్యం తరువాత కొన్ని దశాబ్దాల పాటు జిల్లాపరిషత్ హైస్కూళ్లలో యూనిఫాం కాగితం మీది నియమంగానే ఎక్కువగా నడిచింది. మగపిల్లలకు తెల్ల చొక్కా, ఖాకీ లేదా నీలి నిక్కరు. హైస్కూలు ఆడపిల్లలకు నీలి లంగా, తెల్ల జాకెట్టు, తెల్ల ఓణీ. కొనగలిగినవారు కుట్టించుకునేవారు. మిగతావారిని స్వాతంత్ర్య దినోత్సవం, గణతంత్ర దినోత్సవం వంటి రోజుల్లో తప్ప మాస్టర్లు పట్టించుకునేవారు కారు. ఖాకీ వాడకంలో స్కౌట్స్, 1948లో ఏర్పడిన ఎన్‌సీసీల ప్రభావం ఉంది.

యూనిఫాంను నిజంగా ఖచ్చితం చేసినవి ఆవాస విద్యాలయాలు, కేంద్ర ప్రభుత్వ బడులు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో మొదలైంది. కేంద్రీయ విద్యాలయాల పథకం 1963 నుంచి అమలయింది. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల ఏర్పడింది. గురుకులంలో చదువుతో పాటు తిండి, బట్ట కూడా ప్రభుత్వానివే. పల్లె పిల్లవాడి ఒంటి మీద చిరుగులేని జత, కాళ్లకు బూట్లు మొదటిసారి పడింది చాలా ఇళ్లలో ఈ గురుకులాల వల్లే. సంస్థ చరిత్రల్లో ఫలితాల శాతాలకు ఇచ్చిన చోటు ఈ విషయానికి దక్కలేదు. దక్కి ఉండవలసింది.

1980ల తరువాత కాన్వెంట్లు పల్లెల దాకా పాకాయి. క్రైస్తవ మఠాలతో సంబంధం లేకపోయినా ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి ప్రతిదీ తెలుగువాళ్ల నోట కాన్వెంటే అయింది. మెడలో టై, నడుముకు బెల్టు, వీపున బ్యాగు ఉన్న పిల్లవాడు కాన్వెంటు పిల్లవాడు. పిల్లవాడిని సర్కారు బడి మాన్పించి కాన్వెంటులో వేశామని ఊరికి తెలిసేది ఆ టైతోనే.

ఐటీ కారిడార్

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాళ్లగుట్టలు, పొలాల మధ్య ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి గ్రామాలు పదేళ్లలో నగరమయ్యాయి. ఉద్యోగుల వెంట బడులూ వచ్చాయి. 1989లో మొదలైన చిరెక్ కొండాపూర్‌లో పెద్ద ప్రాంగణం కట్టుకుంది. 2001లో ఓక్రిడ్జ్ అంతర్జాతీయ పాఠశాల ప్రారంభమైంది. ఖాజాగూడలో ఢిల్లీ పబ్లిక్ స్కూలు వెలిసింది. ఈ తరహా బడులు యూనిఫాం తీరును మార్చాయి. గట్టి కాలరు చొక్కా, టైల స్థానంలో కాలరున్న మెత్తటి టీషర్టు, ట్రాక్ ప్యాంటు వచ్చాయి. ఇంట్లో తల్లిదండ్రులు ఆఫీసుకు వేసుకునే బట్టల్లో వచ్చిన సడలింపే పిల్లల బట్టల్లోనూ వచ్చింది. అదే సమయంలో ఆఫీసులో కంపెనీ కార్డు ఎలా తప్పనిసరి అయిందో బడిలో మెడ కార్డూ అలాగే తప్పనిసరి అయింది.

ఈ ప్రాంతమే శేరిలింగంపల్లి మండలం. ఇక్కడి మండల పరిషత్, జిల్లా పరిషత్ బడుల్లో భవన నిర్మాణ కూలీల పిల్లలు, కాపలాదారుల పిల్లలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల పిల్లలు ఎక్కువ. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బిహార్ల నుంచి వలస వచ్చిన కుటుంబాలవి. ప్రభుత్వ బట్ట కేటాయింపు బడిలో అప్పటికే నమోదైన సంఖ్యను బట్టి సాగుతుంది. పని ఎక్కడ దొరికితే అక్కడికి కదిలే కూలీల పిల్లలు ఏడాది మధ్యలో చేరతారు. అందువల్ల ఉచిత దుస్తుల పథకం ఎవరి కోసమో ఆ పిల్లలే చాలాసార్లు కలర్ డ్రెస్సులో కూర్చోవలసి వస్తుంది.

ఉచిత దుస్తుల పథకాలు

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. దాని కింద పాఠ్యపుస్తకాలతో పాటు దుస్తులూ ఉచిత విద్యలో భాగమయ్యాయి. సర్వశిక్షా అభియాన్ కింద ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి వరకు ఆడపిల్లలందరికీ, ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల మగపిల్లలకు ఏడాదికి రెండు జతలకు 400 రూపాయల చొప్పున కేంద్రం లెక్కగట్టింది. 2018లో వచ్చిన సమగ్ర శిక్షలో దాన్ని 600 చేశారు. గుడ్డ, కుట్టుకూలి, రవాణా అన్నీ ఆ 600లోనే సర్దుకోవాలి. తెలుగు రాష్ట్రాలు సొంత నిధులు కలిపి పథకాన్ని మిగతా పిల్లలకూ విస్తరించాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న కృష్ణా జిల్లా పునాదిపాడులో జగనన్న విద్యాకానుక ప్రారంభమైంది. మూడు జతల గుడ్డ, బూట్లు, రెండు జతల సాక్సులు, బెల్టు, బ్యాగు, పుస్తకాలు కలిపి ఒక కిట్టుగా 1 నుంచి 10 తరగతుల పిల్లలకు ఇచ్చారు. ప్రభుత్వం మారాక పథకం కొనసాగింది, పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్రగా మారింది, దుస్తుల రంగులూ మారాయి. ప్రభుత్వంతో పాటు రంగులు మారినప్పుడు అన్న జత తమ్ముడికి పనికిరాకుండా పోతుంది. పేద ఇంట్లో ఇది చిన్న నష్టం కాదు.

తెలంగాణలో 2023లో దుస్తుల నమూనాను మార్చారు. గళ్ల గుడ్డ ప్రవేశపెట్టి, చిన్న తరగతుల ఆడపిల్లలకు గౌను, పై తరగతుల వారికి పైకోటుతో పంజాబీ డ్రెస్సు అని తరగతిని బట్టి తీరు నిర్ణయించారు.

గుడ్డ, కుట్టుపని

తెలంగాణ ప్రభుత్వ బడుల యూనిఫాం గుడ్డలో పెద్ద భాగం రాజన్న సిరిసిల్ల మరమగ్గాల మీద తయారవుతుంది. అక్కడివాళ్లు మరమగ్గాన్ని సాంచె అంటారు. రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో ఆర్డరు పెడుతుంది. వస్త్ర యజమానులు, వారి దగ్గర నూలు తీసుకుని సొంత సాంచెలు నడిపే ఆసాములు, ఆసాముల దగ్గర మీటరుకు ఇంతని కూలికి నేసే కార్మికులు అన్న మూడంచెల వ్యవస్థ దాన్ని నేస్తుంది. ఒకే రంగు గుడ్డయితే నేశాక రంగు అద్దవచ్చు. గళ్ల గుడ్డకు ముందే రంగు వేసిన నూలు పడుగులోనూ పేకలోనూ లెక్క ప్రకారం పడాలి. అందువల్ల నమూనా ఆలస్యంగా ఖరారైతే నేత అంతా వెనక్కి జరుగుతుంది. పని దొరకక, అప్పులు తీరక ఎందరో కార్మికులు ప్రాణాలు తీసుకున్న ఊరు సిరిసిల్ల. బడి గుడ్డ వంటి సర్కారు ఆర్డర్లే ఆ సాంచెలను నడిపిస్తున్నాయి. పిల్లల బట్టల పథకం ఇక్కడ ఉపాధి పథకం కూడా.

గుడ్డ మండల విద్యా వనరుల కేంద్రాలకు చేరుతుంది. అక్కడి నుంచి కుట్టేవారికి. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఈ పనిని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పర్యవేక్షణలో స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించింది. జతకు 50 రూపాయలున్న కుట్టుకూలిని 75 చేసింది. వేసవి సెలవులకు ముందే పిల్లల కొలతలు తీసుకుంటారు. బడి తెరిచేది జూన్ 12న. మధ్యలో రెండు నెలల్లో పిల్లవాడు ఎదుగుతాడు కాబట్టి అనుభవం ఉన్న దర్జీ కొలతకు కొంచెం వదులుగానే కత్తిరిస్తాడు.

ప్యాంటు కాలి అంచును తిరగేస్తే ఆ నేర్పు కనిపిస్తుంది. లోపల రెండు మూడు అంగుళాల గుడ్డను మడిచి కచ్చాగా కుట్టి ఉంచుతారు. మరుసటి ఏడాది ఆ కుట్టు విప్పి పొడవు పెంచుతారు. విప్పిన చోట ఎండ తగలని గుడ్డ ముదురు రంగులో పట్టీలా మిగులుతుంది. ఒక ప్యాంటు ఎన్నేళ్లుగా వాడుతున్నారో ఆ పట్టీలు లెక్కపెట్టి చెప్పవచ్చు. నడుము వెనక కుట్టులోనూ ఇలాగే మిగులు గుడ్డ ఉంచుతారు. గుడ్డ ఆదా చేయడానికి ఈ మిగులు లేకుండా మూకుమ్మడిగా కత్తిరించిన జతలు ఏడాది తిరగకముందే పొట్టివైపోతాయి. పిల్లల ఒంటి మీద బిగిసిన ప్యాంటుకు అసలు కారణం చాలావరకు ఆ కత్తిరింపే.

ప్రైవేటు బడుల గుడ్డ దారి వేరు. మఫత్‌లాల్, ఎస్. కుమార్స్ వంటి మిల్లులు యూనిఫాం గుడ్డకే ప్రత్యేక శ్రేణులు నడిపాయి. మహారాష్ట్రలోని సోలాపూర్ రెడీమేడ్ యూనిఫాంల తయారీకి పేరుపడింది. హైదరాబాద్‌లో సికింద్రాబాద్ జనరల్ బజారు, కోఠి, ఆబిడ్స్ దుకాణాల్లో గుడ్డ కొని దర్జీకి ఇవ్వడం పాత అలవాటు. పాలిస్టర్ కలిసిన గుడ్డ ఇస్త్రీ అక్కర్లేకుండా ఏడాదంతా నిలుస్తుంది గాని వేసవిలో చెమట పీల్చదు. నూలు గుడ్డ ఒంటికి హాయి, ఉతుకు భారం. తెల్ల చొక్కా ఉన్న ఇంట్లో వారానికోసారి నీలిమందు నీళ్లలో ముంచి ఆరేయడం, శనివారం తెల్ల బూట్లకు చాక్‌పీసు రుద్దడం ఒక తరం తల్లులకు, పిల్లలకు తెలిసిన పని.

అమ్మకం, ధర, నియంత్రణ

ప్రైవేటు బడుల యూనిఫాం మీద తల్లిదండ్రుల ఫిర్యాదులకు మూలం జేబు మీద కుట్టిన ముద్ర. సాదా తెల్ల చొక్కా అయితే ఏ దుకాణంలోనైనా కొనవచ్చు. బడి ముద్ర వేసిన చొక్కా బడి చెప్పిన దుకాణంలోనే దొరుకుతుంది, ధర ఆ దుకాణం చెప్పిందే. వారంలో ఒక రోజుకు హౌస్ డ్రెస్సు, ఆటల రోజుకు ట్రాక్ సూటు, చలికాలానికి స్వెటర్ కలిస్తే ఖర్చు వేలల్లోకి వెళుతుంది. కొన్ని బడులు రెండు మూడేళ్లకోసారి రంగో గళ్లో మార్చి పాత జతలను పనికిరాకుండా చేస్తాయి.

బడులు పుస్తకాలు, యూనిఫాంలు అమ్మే వ్యాపారం మానాలని సీబీఎస్ఈ 2017 ఏప్రిల్‌లో తన అనుబంధ పాఠశాలలకు సర్క్యులర్ పంపింది. హైదరాబాద్‌లో బడి ఆవరణలో యూనిఫాం, బూట్లు, బెల్టులు అమ్మరాదని జిల్లా విద్యాధికారి 2024 మే నెలలో ఆదేశించారు. అమ్మకం బడి గేటు దాటి పక్క వీధిలోని దుకాణానికి మారినంత మాత్రాన ఆదేశం నెరవేరినట్టు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు బడుల ఫీజులు, ప్రమాణాల పర్యవేక్షణకు 2019 చట్టంతో ఒక కమిషన్ ఏర్పడింది.

ఆడపిల్లల దుస్తులు

లంగా ఓణీ 1990ల నుంచి తెలుగు హైస్కూళ్లలో తగ్గిపోయి పంజాబీ డ్రెస్సు దాని చోటు తీసుకుంది. సైకిలు తొక్కడానికి, ఆటలాడటానికి, బస్సెక్కడానికి అనువుగా ఉండటం దీనికి ప్రధాన కారణం. ప్రైవేటు బడుల్లో మోకాళ్ల దాకా ఉండే స్కర్టు కొనసాగింది. నెలసరి వచ్చే వయసు పిల్లలకు తెల్ల ప్యాంటు, తెల్ల స్కర్టు నియమం పెట్టడం సరికాదని తల్లులు, వైద్యులు చెబుతూనే ఉన్నారు. మరక పడుతుందన్న భయంతో ఆ రోజుల్లో బడి మానే పిల్లలున్నారు. ఈ ఒక్క నియమాన్ని మార్చడానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు, ప్రధానోపాధ్యాయుల నిర్ణయం చాలు. కేరళలోని వలయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాల 2018లో ఆడ, మగ పిల్లలకు ఒకే తరహా పొట్టి ప్యాంటు, చొక్కా ప్రవేశపెట్టింది.

మతాచారాలు, న్యాయస్థానాలు

కర్ణాటకలో విద్యాసంస్థల్లో హిజాబ్ మీద వచ్చిన నిషేధాన్ని ఆ రాష్ట్ర హైకోర్టు 2022 మార్చి 15న సమర్థించింది. 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు హేమంత్ గుప్తా, సుధాంశు ధూలియా భిన్న తీర్పులిచ్చారు. తెలుగు రాష్ట్రాల్లో తరచుగా వచ్చే వివాదం అయ్యప్ప దీక్షకు సంబంధించింది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మాల వేసుకున్న పిల్లలు నల్ల బట్టలతో, చెప్పుల్లేకుండా బడికి వస్తారు. చాలా బడులు అనుమతిస్తాయి. అనుమతించనిచోట తల్లిదండ్రులు ఆందోళనకు దిగిన సందర్భాలున్నాయి. హైదరాబాద్‌లో చాలా బడుల్లో యూనిఫాం రంగు హిజాబు, సిక్కు పిల్లల తలపాగా ఎప్పటి నుంచో సాధారణం.

ప్రాముఖ్యం, విమర్శ

పిల్లల మధ్య కలిమి లేముల తేడా కనబడకుండా చేయడం, క్రమశిక్షణ, దారిలో పిల్లలను గుర్తుపట్టే వీలు యూనిఫాంకు అనుకూలంగా చెప్పే కారణాలు. పిల్లల ఇష్టాన్ని అణచడం, ఖర్చు, యూనిఫాం లేదన్న సాకుతో పిల్లలను బయట నిలబెట్టడం దాని మీది విమర్శలు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ పాఠశాల యూనిఫాం లేకుండానే దశాబ్దాలుగా నడుస్తోంది. ఒక బడి లోపల యూనిఫాం సమానత్వం తెస్తుందన్న మాటలో నిజముంది. బడికీ బడికీ మధ్య మాత్రం అది తేడాను రంగుల్లో చూపిస్తుంది. ఐటీ కారిడార్‌లోని కొత్తగూడ కూడలిలో ఉదయం ఎనిమిదింటికి ఆగిన ఏసీ బస్సులోని టీషర్టునూ, రోడ్డు దాటుతున్న గళ్ల చొక్కానూ చూస్తే ఆ పిల్లల ఇళ్ల ఆదాయం అడగకుండానే తెలిసిపోతుంది.

కరోనాతో 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆన్‌లైన్ పాఠాలకు సైతం యూనిఫాం చొక్కా వేసుకుని తెర ముందు కూర్చోవాలని కొన్ని ప్రైవేటు బడులు నియమం పెట్టాయి. తెలంగాణలో 2021 సెప్టెంబరు 1న బడులు మళ్లీ తెరిచేసరికి పాత జతలు ఎవరికీ సరిపోలేదు.

ప్రస్తుత స్థితి

2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు ధర ఉన్న దుస్తుల మీద జీఎస్టీ 5 శాతం. దాదాపు బడి యూనిఫాంలన్నీ ఈ పరిధిలోకే వస్తాయి. ప్రభుత్వ బడుల్లో రెండో జత ఆలస్యంగా అందడం, ఏడాది మధ్యలో చేరిన పిల్లలకు జత లేకపోవడం తెలంగాణలో ఇంకా తీరని లోపాలు. ప్రతి మండల కేంద్రంలో అన్ని కొలతల్లో కొన్ని జతలు అదనంగా కుట్టించి ఉంచితే రెండో లోపం తీరుతుంది. శేరిలింగంపల్లి వంటి వలస మండలాల్లో ఆ ఏర్పాటు ముందుగా జరగాలి.